కండ రాసిన చీటీలు

ఊదు ఊదు ఊదు, ఇంకా ఇంకా, ఆపకు...
పొద్దున్నుంచి ఇదే నా అరుపు.
గుంటూరు పెద్దాసుపత్రిలో చివరి గది,
ముక్కుకు క్లిప్పు, నోట్లో అట్టగొట్టం.
ఆరు సెకన్లు ఊపిరంతా కక్కెయ్యాలి.
ఏసోబు మూడో సెకనుకే
బల్ల అంచు పట్టుకున్నాడు.

తెరమీద గీత
కోసుగా లేచింది, అంతలోనే
లోపలికి గుంటపడి
నేలమీద పాకింది.

ముప్ఫైరెండేళ్లు మిర్చి యార్డులో హమాలీ.
"కళ్లు మూసి చెప్తానమ్మా,
తుమ్మొస్తే తేజ, గొంతు గీరితే బాడిగ."
నవ్వబోయాడు, దగ్గు ముందొచ్చింది.
"చుట్ట మానేసి ఆరేళ్లు.
అది మాత్రం నన్ను మానలేదు."

డాక్టర్ నౌషీన్ కాగితం తిరగేసి
గాలిగొట్టం గీసింది,
చుట్టూ కడియంలా కండ.
హౌస్‌సర్జన్లు ముగ్గురు మెడలు సాచారు.

"దీన్ని ఇన్నాళ్లూ ఉత్త హమాలీ అనుకున్నాం.
బిగించమంటే బిగిస్తుంది, వదలమంటే వదుల్తుంది,
అంతకుమించి దానికేం తెలుసని.
కానీ దీనికి నోరుంది.
పొగ తగిలినా దుమ్ము తగిలినా
చీటీలు రాసి నెత్తురులోకి వదుల్తుంది,
'రండి, ఇక్కడ మండుతోంది' అని.
చీటీ పట్టుకుని తెల్లకణాలు మందలుగా దిగుతాయి,
మంటార్పడానికి వచ్చి
ఇంకో మంట పెడతాయి.
ఆ సెగకి కండ ఇంకో చీటీ రాస్తుంది.
ఊరికే ఉండదు, ఒకటి రెండవుతుంది,
చుట్టూ పీచు అల్లుకుంటుంది.
రోడ్డుమీదికి అరుగు జరుపుకున్నట్టు
దారి రోజురోజుకీ ఇరుకు."

"హమాలీ అన్నారు, నన్నేనా?"
కుర్చీలోంచి ఏసోబు.

కాదు పెద్దాయనా, నీ లోపలి కండ, అన్నాను.

కాసేపు గొట్టం వైపే చూశాడు.
"మాదీ అంతే.
మోతకే పుట్టామనుకుంటారు.
ఒక ఎండాకాలం టిక్కీల అట్టీలో పొగ లేస్తే
ముందు అరిచింది మేమే.
తెల్లారి స్టేషన్లో కూచోబెట్టిందీ మమ్మల్నే,
బీడీ కాల్చింది మీరేగా అని.
ఆ కండకి ముప్ఫైరెండేళ్లు కారం తినిపించింది నేను.
అరవక ఏం చేస్తదమ్మా?"

నౌషీన్ పెన్ను మూత పెట్టింది, తీసింది.
"అరవడం తప్పు కాదు.
నువ్వు చుట్ట ఆపావు.
అది అరుపు ఆపడం మర్చిపోయింది."

పీల్చే మందు నాలుగు దఫాలు ఇచ్చి
పదిహేను నిమిషాలు కూచోబెట్టాం.
కిటికీ అవతల ఎవరిదో స్టీలు క్యారేజీ
మెట్లమీద దొర్లిపోయింది.
మళ్లీ ఊదు ఊదు ఊదు.

మొదటి సెకను గాలి
రావలసినదాంట్లో సగం లేనిది,
ఇప్పుడూ సగం లేదు.
వేలెడు పెరిగింది.
పిడికిలి కొంచెం సడలిందన్నమాట.
చీటీల లెక్క
నా మిషన్ చెప్పదు.

రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు,
అట్టగొట్టం కూడా అడిగాడు.
"మనవడికి బూర."
వద్దు పెద్దాయనా, అని చెత్తబుట్టలో వేశాను.
వేశాక బాధనిపించింది.

రాత్రి డ్యూటీ దిగి
ఆటోలో చుట్టుగుంట దాటుతుంటే
లారీల వెంట ఎర్రటి ఘాటు.
డ్రైవరు తువ్వాలు ముక్కుకి లాక్కున్నాడు,
నేను చున్నీ.
అయినా గొంతు కింద
ఎవరో పుస్తకంలోంచి
చిన్న కాగితం చింపిన చప్పుడు.